ఎంతుంది?

పలాస స్టేషన్ బయట ఇద్దరు ముసలివాళ్లు మందస వెళ్లే ఆటో ఎక్కారు. ఒకాయన పది రోజుల ప్రకృతి వైద్య శిబిరం నుంచి అప్పుడే రైలు దిగాడు. రెండో ఆయన అతని బావమరిది.

“ముకం వెలిగిపోతంది బావా.”

“నవ్వించినారు, పాటలు పాడించినారు. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మనూళ్లో ఎవులెదురైనా బాగున్నావా అనరు కదా, రగతంలో క్రియాటిన్ ఎంతుందంటారు. అక్కడ ఆ మాటే నేదు.”

“కిడ్నీ సంగతి ఆలకి సెప్పనేదా?”

“సెప్తే మళ్లీ రోగినైపోనా?”

“తిండేటి పెట్టీవోరు?”

“పళ్లు, కొబ్బరినీళ్లు. రోజుకి ఆరు బొండాలు. కిడ్నీ రోగికి ఇవి గుండెమీదకి తెస్తాయని డాక్టరు ముట్టుకోవద్దన్న కాడి నుంచి నాలుగేళ్లు మన తోటలో కాయల్ని సూత్తానే ఉన్నాను. కరువుతీరా తాగినాను.”

“బావా, సేతులెందుకలా ఒణుకుతన్నాయి?”

“నిన్నటి నుంచి కొంచెం తిమ్మిరి. కాళ్లూ బరువే. రైల్లో కూకున్నాను కదా.”

“గుండె ఎలాగుంది?”

“ఆగాగి కొట్టుకుంటంది. సంతోషమేమో.”

“బాబూ, ఆటో తిప్పు. ముందు ఆస్పత్రికి పోనీ.”

“నువ్వూ అడుగుతావేటి, ఎంతుందని?”

“నానడగను బావా. ఆ పాటలేవో పాడు. ఆస్పత్రి వొచ్చీదాకా ఆపకు.”