వంతెన దగ్గర హీటు

1981 ఎండాకాలం. పాలకొల్లులో ఏసురాజు కార్ల షెడ్డు. బానెట్ ఎత్తిన పాత కారు. స్టీరింగు దగ్గర త్రినాథరాజు, పక్క సీట్లో ఆయన భార్య రత్నమాణిక్యం.

“అది కాదు ఏసురాజూ, నేనడిగేది ఒక్కటే. సోమవారం ఈ కారు తిరుపతి వెళ్తుందా, వెళ్ళదా?”

“వెళ్తుందండి రాజుగారు. అంటే... కారు మటుకు వెళ్తుందండి.”

“కారు మటుకు ఏంటి? నడపడానికి నేనున్నాను కదా.”

“ఆయ్. అదేనండి.”

“వెళ్ళదంటున్నాడండి. ఆ నీళ్ళు నమలడం చూస్తే తెలియట్లా? హాయిగా రైల్లో పోదాం.”

“నువ్వుండు మాణిక్యం. మనవరాలి పుట్టువెంట్రుకలకి నా కారులో నేనే తీసుకెళ్తానని అల్లుడి ముందు అన్నాను. ఇప్పుడు రైలెక్కితే నా పరువేం కావాలి? చెప్పవయ్యా, ఇంజను ఎందుకు హీటెక్కుతోంది?”

“ఫాన్ బెల్టు మార్చానండి. రేడియేటర్ కడిగించాను. నీళ్ళ పైపులు కొత్తవి వేశాను. ఇంకేం మిగల్లేదండి. మా ఇంట్లో మంచినీళ్ళ కుండ కూడా ఇంత చల్లగా ఉండదు.”

“మరి సిద్ధాంతం వంతెన రాగానే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదకి ఎందుకు పోతుంది?”

“వంతెన దగ్గరేనాండి?”

“ఎప్పుడూ అక్కడే. రాజమండ్రికని ఎన్నిసార్లు బయల్దేరినా అక్కడ ఆపెయ్యడం, వెనక్కొచ్చెయ్యడం.”

“నరసాపురం వెళ్తేనండి?”

“ఎక్కదు.”

“భీమవరం?”

“ఎక్కదయ్యా.”

“అంటే లారీలు తిరిగే రోడ్డు మీదే ఎక్కుతుందన్నమాట.”

“ఏసురాజూ, నువ్వు బెల్టు చూసుకో.”

“చూసేశానండి అమ్మగారు.”

“మళ్ళీ చూడు.”

“ఉండు మాణిక్యం, వాణ్ణి చెప్పనీ. లారీలకీ ముల్లుకీ సంబంధం ఏంటి?”

“ఏం లేదండి. ఆ ముల్లు... మీరే చూశారాండి?”

“నేను రోడ్డు చూడొద్దా? ముల్లు చూడ్డం మాణిక్యం పని. ‘మధ్యలో ఉందండి, మధ్యలో ఉందండి’ అంటూ ఉంటుంది, వంతెన కనపడేసరికి ‘ఎర్రగీతండి, ఆపండి’ అంటుంది.”

“పోయిన శుక్రవారం ట్రయలుకని షెడ్డులోంచి తీసుకెళ్ళారు కదా, అప్పుడు కూడా చూశారాండి అమ్మగారు?”

“చూశానయ్యా.”

“శుక్రవారమాండి?”

“ఎన్నిసార్లు అడుగుతావు?”

“ఆవిణ్ణెందుకు అడుగుతావు ఏసురాజూ? చేతకాకపోతే చేతకాదని చెప్పు. తణుకు తీసుకెళ్ళి చూపిస్తాను. ఏసురాజుకి రేడియేటర్ కడగడం రాదని పాలకొల్లంతా చెబుతాను.”

“అంత మాట అనకండి రాజుగారు. పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి. పోనీ మీరే చూడండి. ఇప్పుడు ముల్లు ఎక్కడుంది?”

“ఇప్పుడా?”

“ఆయ్. మీ ఎదురుగానే కదండి.”

“ఏసురాజూ...”

“మీరుండండి అమ్మగారు. పోయేది నా పరువు.”

“ఇదిగో... ఇంజను ఆపేసుంది కదా, అందుకని కిందకే ఉంది. ఎడమపక్క. శుభ్రంగా కనపడుతోంది.”

“అది టీపొడి డబ్బా మూతండి.”

“ఏది?”

“మీరు చూసేది. ముల్లు కదలట్లేదని పోయిన నెల్లోనే మీటరు విప్పి బెజవాడ పంపాను. బొక్క కనపడకుండా మూత బిగించాను. దాని మీద ముల్లూ లేదు, ఎర్రగీతా లేదండి.”

“మాణిక్యం.”

“ఊఁ.”

“లేని ముల్లు నువ్వెలా చూశావు?”

“మీరు ఇప్పుడెలా చూశారో అలాగే.”

“నాకు కాస్త ఎండ కొట్టి...”

“ఎండ కాదండి. ఏడాది నించీ మీకు కళ్ళు మసకలు. వీరవాసరంలో గేదె అడ్డమొస్తే తల బయటికి పెట్టి ‘కాస్త పక్కకి జరగండమ్మా’ అన్నారు. గేదెని పట్టుకుని అండీ అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వంతెన మీద లారీ ఎదురొస్తే ఏం చెయ్యాలి? భయమేసింది. మీకు చూపు ఆనట్లేదంటే మీ మనసు కష్టపడుతుంది. అందుకని జబ్బు కారుకి అంటగట్టాను.”

“అల్లుడికి చెప్పావా?”

“చెప్పలేదు. చెప్పను కూడా.”

“మరి సోమవారం ఎలా? కారులోనే తీసుకెళ్తానన్నాను మాణిక్యం.”

“కారులోనే వెళ్దాం.”

“డ్రైవర్ని పెడతావా? పరాయివాడి చేతికి నా స్టీరింగు ఇవ్వను.”

“పరాయివాళ్ళు కాదండి రాజుగారు. అసలూ... రేడియేటర్ కడగడానికి ఒక్క పూట చాలండి.”

“మరి ఆ శుక్రవారం ఒక్కరోజు తప్ప నెలంతా కారు ఇక్కడెందుకు పెట్టుకున్నావు?”

“అది అమ్మగారు చెప్పాలండి.”

“ఏంటి మాణిక్యం?”

“రోజూ సాయంత్రం నేను ప్రదక్షిణలకని బయల్దేరేదాన్ని కదండి. అవి గుడి చుట్టూ కాదు, ఈ షెడ్డు చుట్టూ. లైసెన్సు మొన్ననే వచ్చింది. మీరు కాస్త ఇటుపక్కకి వచ్చి కూర్చోండి.”