వీధి కిటికీలో రౌటర్

"రౌటర్ పెట్టడమంటే గోడకి మేకు కొట్టి క్యాలెండర్ తగిలించడం అనుకుంటారు జనం. కాదు మాస్టారూ! ఊళ్ళో సగం ఇళ్ళకి ఇంటర్నెట్ వైరు లాగిన చెయ్యి ఇది, ఇదిగో, బాగా చూడండి. ఆ ఇళ్ళన్నీ ఒక ఎత్తు, మా ఇల్లొక్కటీ ఒక ఎత్తు. ఆ రోజు స్తంభం మీంచి వైరు దింపానా, కిటికీ పక్కన గోడకి బెజ్జం వేశానా, వాన నీళ్ళు లోపలికి రాకుండా బయటివైపుకి వాలుగా వేశాను లెండి, ఆమాత్రం తెలియనివాళ్ళు కూడా ఈ రోజుల్లో డ్రిల్లింగ్ మిషన్ చంకలో పెట్టుకుని తిరుగుతున్నారు, సరే, వాళ్ళ గొడవ మనకెందుకు. ఆ వైరు లోపలుండేది గాజు పోగు. గాజు, చెల్లెమ్మా! గట్టిగా మడిస్తే పుటుక్కుమంటుంది. పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తెచ్చి, ఒక్క అతుకు లేకుండా మోడెంకి తగిలించా. మోడెం నుంచి రౌటర్‌కి ఇంకో వైరు. స్విచ్ వేశా. దీపాలన్నీ పచ్చగా, టకటకా!"

సిగ్నల్ అన్నయ్య మొదలెట్టాడంటే టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లేవరు. చెల్లెమ్మ అంటే టీ కొట్టు నడిపే ఆవిడ. పక్కన లెక్కల మాస్టారు, ఎదురుగా టైలరు, ఓ మూల నేను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటాయన ఫోను, జేబులో ఉన్నది ఉన్నట్టే, పాట పాడేసింది. ఎదురింటి పైవాటాలో టీవీకి ప్రాణమొచ్చింది. ఈ టైలరు మిషన్, పాపం, తొక్కకుండానే జాకెట్టు కుట్టేసింది!"

"నాది కుట్టు మిషన్ అన్నయ్యా. దానికి వైఫై ఎందుకు?" అన్నాడు టైలరు.

"నేనూ అదే అంటున్నా! అవసరం లేనివాటికి కూడా అందిందంటే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చూసుకో. దండెం మీద తడిబట్టలు ఆరిపోయాయి. ఎండకి కాదు, సిగ్నల్‌కి. మర్నాటి నుంచి మా వీధిలో అందరూ బట్టలు మా ఇంటివైపే ఆరేస్తామని పేచీ. అక్కడితో ఆగిందా? ఆగలేదు. వీధి దాటింది, బస్సు స్టాపు దాటింది, రైలు కట్ట దాటింది. వంతెన మీదికి రాగానే రైలు నెమ్మదిస్తుంది, ఎందుకనుకున్నారు? వంతెన పాతదని కాదు. ప్రయాణికులంతా సినిమా అయిపోయేదాకా కదలనివ్వడం లేదు. డ్రైవరే గొలుసు లాగాడట!"

"డ్రైవరు గొలుసెందుకు లాగుతాడయ్యా, రైలు తన చేతిలోనే ఉంటే?" అన్నారు మాస్టారు.

"సినిమాలో పడి మర్చిపోయాడు మాస్టారూ. మీరు లెక్కల మనిషి, మీకు కథలో రసం తెలీదు. వినండి. అలా పోయిపోయి సిగ్నల్ కొండ దగ్గర ఆగింది. రాతి కొండ. నేనిక్కడ రౌటర్ చెవి, అదే యాంటెన్నా, ఒకటి పట్టుకుని, గోరంత, ఇదిగో ఇంతే, తిప్పా. కొండ చుట్టూ తిరిగి అవతలి ఊళ్ళో దిగింది. బస్టాండులో దారి అడిగింది..."

"సిగ్నల్ దారి అడిగిందా?"

"కొత్త ఊరు కదా టైలరూ, అడగదా మరి! ఫ్యాన్సీ షాపు ఎటు అని అడిగింది. సందులోకి తిరిగింది. షాపులో మీ వదిన ఎవరికో రిబ్బను కొలిచి ఇస్తోంది. సంచీలో ఫోను టింగుమంది. తీసి చూస్తే ఏముంది? మా ఇంటి వైఫై పేరు. ఆ పేరు తనే పెట్టింది లెండి. నేను రోజూ వైర్లు లాగి లాగి బురద కాళ్ళతో లోపలికొచ్చేస్తానని 'చెప్పులు బయటే' అని పెట్టింది. అంత దూరంలో, అంతమందిలో, ఫోన్ మీద 'చెప్పులు బయటే' అని చూసిందా... నవ్వింది. నవ్వి, రిబ్బను కత్తిరించకుండానే బల్ల మీద పెట్టేసి..."

అక్కడ ఆగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని మమ్మల్ని అడగలేదు. అతని భార్య, అవతలి ఊళ్ళో ఫ్యాన్సీ షాపు నడిపే వాళ్ళక్క కాలు విరిగిందని వెళ్ళింది. కాలు అతుక్కుంది, షాపు పని ఈవిడకి అతుక్కుంది. అక్కడే ఉండిపోయింది. ఇద్దరి మధ్యా తగువేమీ లేదు. తను రానా అని అడగదు, ఈయన రమ్మనడు.

"ఒక్క సందేహం," అన్నారు మాస్టారు. "రౌటర్ ఇంటి నడిమధ్యలో, ఎత్తులో పెట్టాలని మా ఇంట్లో గోడలన్నీ టేపు పెట్టి కొలిచావు. ఫ్రిజ్ పక్కన వద్దన్నావు, అద్దం వెనక వద్దన్నావు. మరి మీ ఇంట్లో వీధి కిటికీలో పెట్టావేం? వచ్చేటప్పుడు రోజూ చూస్తున్నా."

"అదే మాస్టారూ కిటుకు!" మళ్ళీ ఊపొచ్చింది అతనికి. "కిటికీలో ఉంటే సిగ్నల్ బస్సు స్టాపు దాకా పోతుంది. ఇది మటుకు కోత కాదు, కొలిచా. ఒకసారి కలిసిన ఫోను మళ్ళీ దగ్గరికొస్తే, పాస్‌వర్డ్ మార్చనంతవరకూ, దానంతటదే కలుస్తుంది. ఊరందరికీ మార్చుకోమని చెప్తాను గానీ నేను మార్చలేదు. తను బస్సు దిగిందనుకోండి, ఫోను కలుస్తుంది. నా ఫోన్ టింగుమంటుంది. తను సందు మలుపు తిరిగేసరికి తలుపు తీసి, పొయ్యి మీద టీ పెట్టి ఉంచుతా. తను వచ్చి తలుపు కొట్టాల్సిన పని లేదు."

టీ కొట్టు చెల్లెమ్మ గ్లాసులు కడగడం ఆపింది.

"అన్నయ్యా, వదిన ఫోన్ మార్చేసింది."

"ఎవరు చెప్పారు?"

"తనే. పాతది నీళ్ళ బకెట్లో పడింది. నంబరు అదే, ఫోనే కొత్తది. ఆ కొత్త ఫోన్‌కి మీ ఇల్లు తెలీదు. తను వచ్చి గుమ్మంలో నిలబడినా టింగుమనదు."

అతను జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాడు.

"మొన్న మాట్లాడుకున్నాం. చెప్పలేదే."

"ఏం మాట్లాడుకున్నారు?"

"గ్యాస్ వచ్చిందా అంది. వచ్చిందన్నా."

"చాల్లే! మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు. రైలు ఆపావు, కొండ చుట్టూ తిప్పావు, బస్టాండులో దారి కూడా అడిగించావు. ఒక్క 'రా' అని నోటితో పంపలేకపోయావా? నాకు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది, మీ అన్నయ్య నా మాటేమైనా ఎత్తాడా అని. రోజూ ఎత్తుతాడు వదినా, నీకు తప్ప అందరికీ చెప్తాడు అంటాను."

అతను లేచి, నంబరు నొక్కుతూ టీ కొట్టు వెనక గోడ దాకా వెళ్ళాడు. గుసగుసలాడటం ఆ మనిషికి చేతకాదు, కాబట్టి అంతా మాకు వినిపించింది.

"ఏమోయ్... ఏం లేదు. గ్యాస్ ఉంది. అది కాదు. ఇంట్లో సిగ్నల్ సరిగ్గా లేదు. అవును, నేను పెట్టిందే. వంటింట్లోకి అస్సలు రావడం లేదు. పడగ్గదిలో కూడా లేదు. వీధిలోకి తప్ప ఎక్కడికీ రావడం లేదు." ఫోన్ ఇంకో చెవికి మార్చాడు. "నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు. వచ్చెయ్యి."

అవతల ఆవిడ ఏమందో మాకు వినబడలేదు. అతను మాత్రం తల వంచి తన కాళ్ళవైపు చూసుకున్నాడు.

"ఆఁ... ఆఁ... రోజూ చెప్పులు బయటే విప్పుతున్నా."