మగ్దలేనమ్మ గారు ఇచ్చిన కాఫీ గింజ

అధ్యక్షులు హెడ్‌మాస్టర్ కృష్ణమూర్తి గారికి, అనంతగిరి నుంచి జీపుల్లో దిగిన పెద్దలకి, వెనక వరసలో అప్పుడే నవ్వుతున్న నా ఫ్రెండ్స్‌కి, ఈరోజు రిటైరవుతున్న మన హాస్టల్ నర్సు మగ్దలేనమ్మ గారికి నమస్కారం. ఇంగ్లీష్‌లో అయితే ఎవరో రాసిచ్చింది చదివేసేదాన్ని, సార్ తెలుగులో మాట్లాడమన్నారు కాబట్టి నిజమే చెప్పాలి. (నవ్వులు)

కిందటేడు కాఫీ పూత దగ్గర్నుంచి నాకు తలనొప్పి. పూల ఘాటు పడట్లేదని మా నానమ్మ ఇంట్లో కిటికీలన్నీ మూయించింది, పూత రాలి కాయ పట్టింది గానీ నొప్పి పోలేదు. ఎవరో తల చుట్టూ తాడు బిగిస్తున్నట్టుండేది. నెట్‌లో వెతికి, మెదడులో గడ్డేనని నాకు నేనే తేల్చేసుకుని, ఎవరికీ చెప్పకుండా నా ఫ్రెండ్ బేబి తెచ్చిన తలనొప్పి మాత్రలు మింగేదాన్ని. బేబీ, తల దించుకోకు, నిన్నేం అనరులే.

మాత్రల సంగతి మగ్దలేనమ్మ గారు కనిపెట్టేశారు. తిట్టలేదు. ముందు డాక్టరు గారికి చూపించారు. ఆయన అన్నీ చూసి, గడ్డ లాంటిదేమీ లేదు, రోజూ మాత్రలు మింగితే వాటివల్ల కూడా నొప్పి వస్తుందన్నారు. ఆ రోజు నేను కడుపునిండా తిన్నాను!

మరి మొదట ఎందుకొచ్చినట్టు? మేడం వేయించిన కాఫీ గింజ ఒకటి నా పళ్ళ మధ్య పెట్టి, కొరక్కుండా, అడిగినవాటికి తలూపమన్నారు. అన్నం తిన్నావా, లెక్కలొచ్చాయా, నానమ్మ బాగుందా? గింజ అలాగే ఉంది. "ఇశాపట్నం కాలేజీకి ఎప్పుడెల్తన్నావు?" అనగానే టక్కుమని విరిగింది.

"సూసినావా గుంటా? నువ్వు నోరు మూసుకుని బయపడతన్నావు, పళ్ళు బిగిసిపోతన్నాయి, బుజాలు సెవుల్దాకా ఎక్కేత్తన్నాయి. ఇంక తల నొప్పెట్టక ఏటి సేత్తాది?" (నవ్వులు)

భుజాలు వదలడం, పళ్ళు విడదీసి నెమ్మదిగా ఊపిరి తియ్యడం నేర్పారు. సగం తగ్గింది. "మిగతా సగానికి మందు మీ నాన్న దగ్గరుంది, నాను రిటైరయ్యేలోపు సెప్పెయ్" అన్నారు. ఈరోజే ఆఖరు.

నాన్నా, మూడో వరసలో ఉన్నావు, కనిపిస్తున్నావు. మా గుంట డాక్టరవుతుందని ఊరంతా చెప్పావు, విశాఖపట్నం కాలేజీలో సీటు కూడా మాట్లాడేశావు, అందుకే నోరు పెగల్లేదు. నాకు ఆ కాలేజీ వద్దు. అంత దూరం, తెలిసినవాళ్ళు ఒక్కరూ లేకుండా ఉండలేను. ఇంటర్ ఇక్కడే అరకులో చదువుతాను.

(మూడో వరస నుంచి: "ఏటే, దీనికా ఏడాది నుంచి తల పట్టుక్కూసున్నావు? ముందే సెప్తే నాను కాదన్నానా! అరకులోనే సదువు. బేగి దిగు, మీ అమ్మ ఏడుస్తంది." నవ్వులు, చప్పట్లు)

దిగుతున్నా నాన్నా. ఓపిగ్గా విన్న అందరికీ థాంక్స్. మేడం, మీరు మీ ఊరు సీలేరు వెళ్ళాక ఫోన్ చేస్తాను, ఊరికే కబుర్లకే. సెలవు.