కెంపమ్మ పెట్టిన ముద్ద

మూడు దినాలా! అమ్మా కెంపమ్మా, నేను చెప్పిందేమి, నువ్వు చేసిందేమి? ఒక పగలూ ఒక రాత్రీ మేపు ఆపమంటిని. మూడు దినాలు ఎండబెట్టి, నిన్నటి నుంచి నీళ్లు కూడా చూపించకుండా తోలుకొస్తావా? చూడు, పెయ్య కండ్లు యెట్ల లోపలికి పోయినాయో!

ఈ పొద్దు ఆపరేషన్ లేదు. విరిగిన కొమ్ముకు కట్టు కట్టి పంపిస్తా, వారం తాళు. ఇంత నీరసపడిన గొడ్డుకు మత్తు సూది వేసే ధైర్యం నాకు లేదు. ఇరవై ఏండ్లుగా గొడ్ల డాక్టరునే, అయినా లేదు.

కూర్చోమ్మా. అట్ల నిలబడి నన్ను చూడొద్దు.

మత్తంటే నిద్ర అనుకుంటారు మీరంతా. నిద్ర కాదు. గుండె నిదానమైతాది, ఊపిరి నిదానమైతాది, కడుపు కదలడమే నిలిచిపోతాది. లోపల గాలి నిండి ఊపిరితిత్తుల్ని నొక్కుతాది. కడుపులో మేపు గొంతుకొచ్చి ఊపిరిగొట్టంలో పడిందా, అంతే. అందుకే మేపు ఆపమనేది. గుర్రానికి వేసే మందులో పదో వంతు చాలు ఆవుకు. అంత సున్నితం.

యేమి చూస్తాండావు? ఇదా? టేపమ్మా. ఎద చుట్టూ కొలిస్తే బరువెంతో తెలుస్తాది. బరువును బట్టి మందు. ఇప్పుడు కొలవకుండా సూది ముట్టను నేను.

ఆఁ... అవును. దీని తల్లికి కొలవలేదు.

నీకు బాగా జ్ఞాపకముండాదే! మూడేండ్లాయ.

ఆ పొద్దు నువ్వు దానికి కుంకుమ పెట్టి, రాగి సంగటి ముద్ద తినిపించి తోలుకొచ్చినావు. ఇల్లు దాటే గొడ్డు నోట్లో ముద్ద పెట్టకుండా యెట్ల పంపేదప్పా, అంటివి. మత్తు సూదికి పడుకున్న ఆవు మళ్లీ లేయకపాయ. మీ ఆయన అంజినప్ప, యేమాయ డాక్టరప్పా యేమాయ అని అరుస్తాండాడు. నా నోట్లో నుంచి వచ్చేసింది: ‘ముద్ద తినిపిస్తే యెట్ల బతుకుతాది?’

ఆయప్ప నీ మీదికి తిరిగె. ఊరంతా నీ మీదికి తిరిగె. నేను చేతులు కడుక్కోని బండెక్కితి.

ఒక్క ముద్ద! యెంత ఆపినా ఆవు కడుపులో బుట్టెడు మేపు ఉండనే ఉంటాది. దాంట్లో నీ ముద్ద యెంతమ్మా?

నేను చేసింది చెప్తా, విను. కంటితో చూసే మూడు వందల యాభై కిలోలు అనుకుంటిని. అంత లేదు. ఎముకలు పెద్దవి, కండ లేదు. సూది వేసినంక పది నిమిషాలన్నా కాచుకోవల్ల. పేరేసంద్రలో ఒక ఆవు ఈనలేక కష్టపడతాండాదని ఫోన్ మీద ఫోన్. ఇది ఇంగా పడుకోలేదే అని ఐదు నిమిషాలకే ఇంగొక సూది పొడిస్తి. రెండూ ఒకేసారి పట్టుకునె. మత్తు దింపే మందు ఆ పొద్దు నా పెట్టెలో లేదు.

ఇదమ్మా జరిగింది.

యేడుస్తావేమి? తిట్టు. అప్పుడే యెందుకు చెప్పలేదంటావా? భయం. ఇంగేముండాది!

అప్పటి నుంచి నువ్వు గొడ్లకు నీ చేత్తో యేమీ పెట్టవంట కదా. నీ కోడలు సుమ చెప్పె. అది విన్నప్పటి నుంచి నేను మీ ఇంటి ముందర బండి తోలలేదు. చుట్టుదారిలో పోతాండా. సిగ్గమ్మా, సిగ్గు.

ఆ డబ్బాలో యేముండాది? నీకు తెచ్చుకున్న సంగటేనా? తీ. ముందు కొంచెం కొంచెంగా నీళ్లు తాపు. తరువాత చిన్న ముద్ద, నిమ్మకాయంత. నీ చేత్తోనే పెట్టు. అది తింటాది.

అంజినప్ప యాడుండాడు? టీ అంగడి దగ్గరనా? సరే, నువ్వు పెడతాండు. నేను పోయి ఆయప్పకు చెప్పొస్తా. తిడితే తిట్టనీ. నాకు రావాల్సిన తిట్లు మూడేండ్లు నువ్వు తింటివి కదా.