చెడ్డ కబుర్ల తొట్టి

సాయంత్రం. వినోదాల పార్కులో జెయింట్ వీల్ తొట్టి. అందులో భార్యాభర్తలిద్దరే. ఆమె ఆ వార్డు కౌన్సిలరు, అతనిది కళ్ళద్దాల షాపు. తొట్టి ఇప్పుడే నేల వదిలింది.

"చెప్పు."

"ఏం చెప్పాలి?"

"ఏదో చెప్పాలనేగా షాపు మూయించి మరీ లాక్కొచ్చావు. చెప్పేసెయ్. తొట్టి ఇంకా కిందే ఉంది, దూకినా కాలు విరగదు."

"ఎక్కేటప్పుడు మెట్టు తన్నుకున్నారు. ముందు ఆ కాలి సంగతి చూసుకోండి. కాస్త గాలికి రమ్మన్నాను, రాకూడదా?"

"మనింట్లో గాలి కోసం వీల్ ఎక్కిందెవరే? షాపులో దొంగలు పడ్డారని నీకెక్కడ చెప్పాను? ఇక్కడ. మీ నాన్నకు ఆపరేషనని నువ్వెక్కడ చెప్పావు? ఇక్కడ. రెండోసారీ కడుపు నిలవలేదని…"

"అది వద్దు."

"వద్దులే. ఇక్కడే కదా అంటున్నా, అంతే."

"ఆ నియమం పెట్టింది మీరేగా. ఇంట్లో అయితే మాట మధ్యలోనే చెప్పులేసుకుని పోతారు. ఇక్కడైతే ఎక్కడికి పోతారు?"

"సరే, నేనే పెట్టాను. అంటే ఇవాళ చెడ్డ కబురే అన్నమాట."

"ఊపకండి."

"నేనూపడం లేదు. కాలు దానంతటదే ఊగుతోంది. కౌన్సిల్లో ఈ పార్కు సంగతి మీద ఓటు రేపేగా?"

"నిన్న డ్రోన్ల షో ఎలా ఉంది? మీ రైడ్ల క్లబ్బువాళ్ళు తెగ పొగుడుతున్నారు."

"మాట మార్చకు."

"మార్చడం లేదండీ, అడుగుతున్నా. ఆకాశంలో చేప వేశారటగా."

"వేశారు, సగం చేప. తోక వెయ్యడం మర్చిపోయారు. దానికి జనం చప్పట్లు!"

"తోక ఉందే! పక్కింటావిడ ఫోనులో చూపించింది, ఇంత పొడుగు తోక."

"ఉంటే ఉండనీ. నేను కూర్చున్న వైపుకి కనపడలేదు. అయినా ఈ షోలెవరిక్కావాలి? మొన్న పాటల ప్రోగ్రాం పెట్టారు, మైకు పనిచెయ్యలేదు."

"మీకిచ్చి ఉండాల్సింది. మీ చేతిలో పడితే ఏ మైకైనా పనిచేస్తుంది."

"ఏంటా దెప్పుడు?"

"దెప్పలేదు. ఉన్నమాటే."

"అందుకే కొత్త రైడు కావాలంటున్నాం. 'తుపాను' వస్తే చూడు! తలకిందులుగా ఆపుతుంది, ఊపిరి తీసుకునేలోపు వెనక్కి జారుతుంది. అది ఈ ఏడే రావాలి. వచ్చే ఏడంటే కుదరదు."

"వచ్చే ఏడైతే ఏమవుతుంది? పార్కేమన్నా పారిపోతుందా?"

"నీకర్థం కాదులే. ఈ ఏడే రావాలంతే. మావాళ్ళు అప్పుడే టీషర్టులు కూడా కుట్టించేశారు, వీపు మీద 'తుపానులో మొదటి వరస' అని."

"ఓటు పడకముందే?"

"కౌన్సిలరమ్మ మొగుడే మన ప్రెసిడెంటు, ఇంక అడ్డేముంది అన్నారు. ఇప్పుడు నువ్వు కాదన్నావనుకో, నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నన్నడిగి కుట్టించారా?"

"అదిగో. కాదనే వేస్తావు. నాకు తెలుసు. మెట్టెక్కుతున్నప్పుడే తెలుసు."

"కుడి పక్కకి చూడండి. గోడ అవతల మీ చెల్లెలి ఇల్లు. మేడ మీద పచ్చ దుప్పట్లు ఆరేసింది, కనిపిస్తోందా?"

"ఆ… కనిపిస్తోంది. దానికేం?"

"పార్కువాళ్ళు ఆ గోడ పడగొట్టి అటు పెరుగుతామన్నారు. అటు రోడ్డెయ్యాలి, మురుక్కాలవ తిప్పాలి. ఆ ఖర్చు ఎవరి నెత్తిన? ఆ నాలుగు వీధుల నెత్తిన. ఇంటి పన్ను పెంచి కట్టించుకోవాలట. టికెట్ల మీద వాళ్ళు కట్టే వినోదపు పన్ను మాత్రం తగ్గించాలట. అత్త సొమ్ము అల్లుడు దానం!"

"పార్కు పెరిగితే ఇళ్ళ రేట్లు పెరగవూ?"

"అమ్ముకునేవాళ్ళకి పెరుగుతాయి. మీ చెల్లెలు అమ్ముకోదు, ఉంటుంది. మొన్న నా దగ్గరికొచ్చి, 'వదినా, అన్నయ్య సరదాకి మేం పన్ను కట్టాలా?' అంది."

"అంత మాటందా?"

"నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నదే గుచ్చుకుంటుంది. మీ షాపునీ వదల్లేదు జనం. 'కొరడా' రోలర్ కోస్టర్ మీద అరిచినవాళ్ళ కళ్ళద్దాలు కిందపడితేనే మీ పొయ్యి వెలుగుతుందట. కొత్తది తలకిందులుది కాబట్టి మీకు రెండు పొయ్యిలట."

"వాళ్ళ నోళ్ళు పడ! రోలర్ కోస్టర్ ఎక్కేటప్పుడు అద్దాలు జేబులో పెట్టుకోమని బోర్డు రాయించిందే నేను."

"చెప్పాన్లెండి వాళ్ళకి."

"ఏయ్, ఆగింది. ఎందుకాగింది?"

"కింద ఎవరో ఎక్కుతున్నారు. కూర్చోండి. లేవకండి!"

"సరిగ్గా పైనే ఆగింది చూడు. ఇంక చెప్పు. కాదని వేస్తావు, అంతేగా? వెయ్యి. నీ వార్డు, నీ జనం. నేనరవను."

"అరుస్తారు."

"కాస్త అరుస్తాను. రాత్రికి అన్నం మానేస్తాను."

"తర్వాత వంటింట్లో గిన్నెలు వెతుక్కుంటారు."

"నీకంతా వేళాకోళమే."

"ఓటు రేపు కాదు. ముందుకు జరిపారు, ఇవాళ పొద్దున్నే అయిపోయింది."

"అయిపోయిందా? నాకు చెప్పకుండా? ఏమని వేశావు?"

"ఔనని."

"ఏంటి?"

"ఔననే వేశాను. మీ తుపాను వస్తోంది. ఈ ఏడే."

"నిజం? నా మీదొట్టు?"

"ఊపకండంటే! ఇద్దరం కిందపడతాం!"

"నువ్వు బంగారానివే! ఎంత గుండె కోత పెట్టావు! మరి… మరి మా చెల్లెలి పన్ను?"

"పెరగదు. పెరగాలంటే గోడ లోపలే పెరగండి, అవతల ఒక్క ఇటుక పెట్టినా ఒప్పుకోనన్నాను. రోడ్డు లేదు, కాలవ లేదు, పన్ను లేదు. గింజుకున్నారు. చివరికి సరేనన్నారు."

"అబ్బో! కర్ర విరగకుండా పామును చంపావే! రేపే వెళ్ళి దానితో చెప్తాను, చూశావా మీ వదిన… ఆగు. ఆగాగు."

"ఏంటి?"

"మరి చెడ్డ కబురేదీ? వీల్ మీద మంచి కబురు చెప్పుకునే అలవాటు మనకు లేదుగా."

"లేదు."

"మరి?"

"ఆ రోజు పార్కు గురించి పెట్టిన మీటింగులో మీ క్లబ్బు తరఫున మైకు పట్టుకున్నారు, గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? హాలంతా చప్పట్లే."

"లోపల పాతవేమైనా తియ్యాల్సొస్తే మీకేమన్నా అభ్యంతరమా అని చైర్మన్ గారు అడిగారు. మీరేమన్నారు?"

"కొరడా జోలికి రావద్దన్నాను. ఊగే పడవ, నీళ్ళ జారుడు, గిర్రున తిరిగే బావి, ఈ రైడ్లు మా ప్రాణం, వీటిని ముట్టుకోవద్దు, మిగతావి మీ ఇష్టమన్నాను. మిగతావంటే ఏముంటాయిలే, ఐస్‌క్రీం బళ్ళు, పిల్లల టీకప్పులు…"

"వీల్ పేరు చెప్పలేదు."

"వీలెందుకు చెప్తానే? వీల్ రైడెలా అవుతుంది? మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది. క్లబ్బులో ఎవడన్నా దీన్ని రైడంటే పడీపడీ నవ్వుతాం. అసలు మేం దీన్ని లెక్కలోకే…"

"ఊ."

"లెక్కలోకే తీసుకోం."

"నేనెదురుగానే కూర్చున్నాను. ఇంకో పేరు చెప్తారేమోనని మీ మొహం వంకే చూశాను. మీరు మైకు కిందపెట్టేశారు."

"ఇదా? ఇది తీసేస్తారా?"

"ఇదే. గోడ లోపల తుపానుకి సరిపోయే చోటు ఇదొక్కటే. కొలతలు కూడా అయిపోయాయి. సోమవారం నుంచి విప్పుతారు."

"పెళ్ళి సందడిలో పుస్తె కట్టడం మర్చిపోయాను కదే! నువ్వు చెప్పొచ్చుగా! మీటింగులో నీకు నోరు లేదూ?"

"ఏమని చెప్పను? అది మేమిద్దరం ఏడ్చుకునే చోటండీ, దాన్నుంచండి, కావాలంటే నాలుగు వీధుల పన్ను పెంచుకోండి అనా?"

"అది కాదే…"

"నాకు బాధగా లేదనుకుంటున్నారా? పొద్దున చెయ్యెత్తాక మళ్ళీ దించుకోవడానికి చెయ్యి రాలేదు. పక్కాయన భుజం తడితే దించాను. కేకలేస్తే వెయ్యండి, ఇప్పుడే వెయ్యండి. అందుకే ఇక్కడికి తీసుకొచ్చాను."

"కేకలెయ్యడానికి ఏముంది? నువ్వు చేసిందే న్యాయం."

"కేకలెయ్యరా?"

"కదిలిందేంటి? అప్పుడే దించేస్తున్నాడేంటి వీడు? ఓ అబ్బాయ్! ఆపు! ఇంకో రౌండు!"

"కింద అంత క్యూ ఉంటే వినిపించుకుంటాడా? పదండి, మిగతాది ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంటికొద్దు. ఇంట్లో నేను చెప్పులేసుకుని పోతాను. నాకు తెలుసుగా నా సంగతి."

"ఇంకేం మిగిలిందండీ మాట్లాడ్డానికి? అంతా చెప్పేశానుగా."

"నీది అయిపోయింది. నాదుంది. నెల నుంచి రేపు, ఎల్లుండి అనుకుంటూ దాటేస్తున్నాను. నిన్ను వీల్‌కి రమ్మనాలంటే నోరు రాలేదు. ఇదే పోతుంటే ఇంకెక్కడ చెప్పను?"

"నన్ను భయపెట్టకండి. ఏమైంది?"

"కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాను. పరీక్షలన్నీ చేశాడు. అద్దాలతో సరిపోయేది కాదట."

"ఏం మాట్లాడుతున్నారు? ఇందాకే చూశారు కదండీ, మీ చెల్లెలి మేడ, ఆ పచ్చ దుప్పట్లు…"

"దుప్పట్లు కాదే. నాకు మేడే కనిపించలేదు."