ఎలుక పాల చాయ్

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా పర్శరాములు చాయ్ హోటల్లో లింబాద్రి నోరు తెరిచాడంటే, గ్లాసులు ఖాళీ అయినా ఎవరూ లేవరు. పట్నంలో మందుల పరిశోధన చేసేచోట ఆరేండ్లు ఎలుకలకు మేత వేసి వచ్చిన మనిషి. తన అల్లుడైన లింబాద్రి ముచ్చట ఎప్పుడు ఆగుతుందా అని సాలవ్వ బల్ల చివర కొంగు నలుపుకుంటూ కూర్చుంది. రోడ్డవతల బస్టాండులో ఆమె బిడ్డ అనిల, పొద్దున కామారెడ్డి డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ పట్టుకుని ఉంది. ఇంతమంది మగవాళ్ల మధ్య ఆ మాట ఎట్లా ఎత్తాలో సాలవ్వకు తెలియడం లేదు.

"ఆడ ఎలుకకు పది చన్నులుంటయ్. ఈడుకు రాకముందు లోపల పాలనరాలు దారప్పోగులంతే. గుడ్లసంచులు, ఓవరీలంటరు, అవి తీసేసినమా, ఇగ పెరగయ్. హార్మోను సూది ఇస్తే మల్ల చెట్టుకొమ్మలోలె సాగుతయ్. మొదలు నేను పంజరాలు కడిగేటోన్నే. ఒకనాడు సారు చెయ్యి వణికితే సూది నేనే ఇచ్చిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది?" అన్నాడు పక్కనున్న హనుమాండ్లు.

"మందు జెర ఎక్కువ పడ్డది. తెల్లారేసరికి ఈనని ఎలుక చెంబెడు పాలిచ్చింది. మర్నాడు బకిట. మూడోనాడు క్యాన్లు పెట్టినం, డెయిరీ బండొచ్చి నిలబడ్డది. ఆడ పనిచేసే నూటెనభై మందికి నెలరోజులు ఆ పాల చాయే."

"మీగడ కట్టేదా?" పర్శరాములు నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"కట్టుడా? ఆ మీగడ మీద పిల్లి నడిచిపోయింది, మునగలే. ఇంకోటి ఇనుండ్రి. ఎలుకల రొమ్ముల గడ్డలు లేస్తయ్. ఆవగింజంత గడ్డ మిషన్లకు దొరక్కపోతే నన్ను పిలుస్తుండిరి. వేలు పెడితే చెప్తుంటి. ఢిల్లీ నుంచి ఎలుకలను విమానంల పంపిండ్రు. ఆఖరికి ముట్టుడు సుత లేదు, పంజరం మీద చెయ్యి పెడితే చాలు."

అందరూ నవ్వారు. సాలవ్వ కొంగు వదిలి లేచి నిలబడింది. అప్పటిదాకా ఉన్న సిగ్గు ఎటు పోయిందో.

"ఎలుకకు ఆవగింజంత దొరికింది గదా అల్లుడా. నా బిడ్డ రొమ్ముల నిమ్మకాయంత గడ్డ, నాలుగు నెల్ల సంది నీకు దొరకలేదా? పాలు గడ్డకట్టినయ్, జిల్లేడాకు వెచ్చజేసి కట్టుమంటివి. పిల్లగాడు పాలు మాని రెండేండ్లాయె."

పర్శరాములు స్టవ్వు తగ్గించాడు.

"మొదటిరోజే దొరికిందత్తా," అన్నాడు లింబాద్రి. "ఆడ గడ్డలేసిన ఎలుకలను పొద్దుగాల నేనే తీసి పారేస్తుంటి. ఒక్కటి సుత బతకలే. నీ బిడ్డకు ఏమని చెప్పాలె?"

సాలవ్వ ఇన్నేళ్లలో అతని నోట విన్న నిజం ఇదొక్కటే.

"ఆలస్యం చేస్తే చేతిల ఉండదన్నది డాక్టరమ్మ. ఇయ్యాలనే పట్నం దవాఖానకు పొమ్మన్నది. లే."

లింబాద్రి లేచి ఆమె వెనకే రోడ్డు దాటాడు. అనిల చీటీ అతని చేతిలో పెట్టింది.

"నీకు ఇవన్ని ఎరుకే గదా," అంది. "ఏం రాసిండ్రో చెప్పు."