గట్టు మీద గేరు సైకిలు

పెరుమాయి టీ అంగడి ముందు బల్ల మీద రంగనాథన్ కూర్చున్నాడంటే టీ చల్లారిపోయినా ఎవరూ లేవరు. లేచినా ఆయన లేవనివ్వడు. పని ధర్మపురిలో ఒక విత్తనాల అంగట్లో. నోరు మాత్రం కారిమంగళం సంతంత. ఆ రోజు ఆదివారం, విత్తనాల అంగడికి సెలవు. ఆయన కొత్త గేరు సైకిలు గోడకు ఆనించి ఉంది. ఎదురుగా ఆయన బావమరిది గోవిందసామి, గోవిందసామి కూతురు సత్యప్రియ కూర్చున్నారు.

సత్యప్రియకు ధర్మపురి పెద్దాసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. పొద్దున డ్యూటీ వేళకు ఊరి నుంచి బస్సు లేదు. పెద్దరోడ్డు మీద సైకిలంటే లారీల భయం. మిగిలింది కాలువ గట్టు దారి. రోజూ ఆ దారినే పోయి వచ్చేది రంగనాథన్ కాబట్టి, ఆడపిల్ల ఒంటరిగా పోవచ్చని ఆయన ఒక్క మాట చెబితే పది గంటల బస్సుకు పోయి సైకిలు కొనిస్తానని గోవిందసామి ఒప్పుకున్నాడు. ఆయన వద్దంటే ఉద్యోగమే వద్దన్నాడు. ఒక్క మాట కోసం రంగనాథన్ దగ్గరికి రావడమే తండ్రీ కూతుళ్లు చేసిన పొరపాటు.

"బావా, ఏ సైకిలు తీసుకునేది, గట్టు మీద పోవచ్చునా లేదా, ఈ రెండే చెప్పు. బస్సు వచ్చేస్తుంది," అన్నాడు గోవిందసామి.

"రెండేనా? కూచోప్పా. పెరుమాయీ, వీళ్లకు టీ పొయ్యి. నేను సైకిలు ఎంచిన కత నీకు తెలీదు గోవిందా. నేను సైకిళ్ల అంగట్లోకి పోతానే ఆ అంగడాయన మూడు సైకిళ్లు తెచ్చి ముందర పెట్టినాడు. ఒకటి శానా అగ్గువది. దీనికి ముందర షాకు ఉండాది, గుంతలో పడినా కుదుపు తెలీదు అన్నాడు. నేను హ్యాండిలు పట్టుకొని ఒక్క అదుము అదిమినా, ఈసమెత్తు దిగలే. ఇది షాకు కాదప్పా, షాకు బొమ్మ, అంటిని. ఇంకొకటి శానా ఖరీదు. ముందర షాకు, ఎనక షాకు. నేను పోయేది కాలువ గట్టు మీద, కొండ మీద నుంచి దూకేది లేదు, తొక్కిన బలమంతా ఆ ఎనక స్ప్రింగే మింగేస్తుంది, తీసి లోపల పెట్టుకో అంటిని. నడిమిది తీసుకున్నా. షాకు ముందర మాత్రమే. చక్రం నడుమ ప్లేటును కరిచి ఆపే ప్లేటు బ్రేకు. టైరు మరీ లావు కాదు, మరీ సన్నం కాదు, ఎందుకంటే మనం తారు మీదా పోవల్ల, మట్టి మీదా పోవల్ల. బురద ఎగరకుండా మడ్‌గార్డు వేరేగా వేయించుకున్నా. అంగడాయన నా కాళ్లకు దండం పెట్టి, సామీ మీరు ఇన్నాళ్లూ యాడ ఉంటిరి అన్నాడు."

"కడాసిన ఆ దండం మాట తప్ప అంతా సరిగ్గా చెప్పినావే అన్నా, ఒళ్లు బాగుండాదా?" అన్నాడు మాదేష్. మామిడి తోటల్లో కాయలు కోసే మనిషి, ఆ సీజను అయిపోతే ఈ బల్లే అతనికి తోట.

"చాలు మామా. అదే తీసుకుంటాం," అంది సత్యప్రియ. "ఇంక గట్టు దారి బాగుండాదని నాయనకు చెప్పేయి."

అక్కడ ఆయన అవునని ఉంటే ఈ కథే లేదు.

"దారి సంగతా? చెప్తా ఉండు పాపా. మొదటి దినం గట్టెక్కినా. ఒక గేరు మార్చినా, గాలి చల్లగా తగిలింది. ఇంకొకటి మార్చినా, చెవుల్లో ఈల. అవతల పెద్దరోడ్డు మీద సేలం బస్సు పోతా ఉండాది. ఆ డ్రైవరు నన్ను చూసి హారను కొట్టినాడు. నేను బెల్లు కొట్టినా. వాడు ముందర, నేను ఎనక. ఇంకొక్క గేరు. నేను ముందర, వాడు ఎనక. బస్సులో ఉండే జనమంతా కిటికీలోంచి తలలు బయటికి పెట్టి, ఓ కండక్టరూ, మమ్మల్ని దించేయప్పా, ఆయన సైకిలెక్కి పోతాం అని ఒకటే గోల. గోవిందా, మీ అక్క పంచవర్ణం పొద్దున సంగటి గెలికి పెట్టి ఉండె కదా, నేను అంగడికి పోయి, తాళం తీసి, మరిచిపోయిన కళ్లద్దాల కోసం మళ్లా ఇంటికి వస్తే ఆ సంగటి ఇంకా పొగలు కక్కతా ఉండె. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కళ్లద్దాలు ముక్కు మీదే ఉంటాయి," అంది పెరుమాయి.

"నువ్వు టీ చూసుకోమ్మా. తర్వాత దినం తూము కాడికి వచ్చినా. పక్కన కంపచెట్లలో చరచరమని శబ్దం. మేకేమో అనుకుంటి. చూస్తే పులి."

గోవిందసామి గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపాడు. "ఆ గట్టు మీద పులి ఉండాదా బావా?"

"ఉండాదా అంటావేమప్పా, ఇంత పొడుగు. తోక వేరే. అది ఒక్క దూకు దూకింది, నేను ఒక్క గేరు మార్చినా. అది దూకే కొద్దీ నేను మార్చే కొద్దీ, కడాసి గేరు పడిపోయింది. ఆ గేరులో నేను తొక్కిన తొక్కుడుకు నా నీడ నా ఎనకే జారి పడిపోయింది గోవిందా. ఒట్టు. అవతల మలుపులో నిలబడి చూస్తే కింద నాకు నీడ లేదు. శానా సేపటికి ఆ నీడ రొప్పుకుంటా వచ్చి నా కాళ్ల కాడ పడుకుంది. దాని ఎనకాలే పులి వచ్చింది, అదీ రొప్పుకుంటానే. నాలిక బయటికి వచ్చేసి ఉండె. పాపం అనిపించి బాటిల్లో నీళ్లు పోసినా."

"నీడకా, పులికా?" అన్నాడు మాదేష్.

"ఇద్దరికీ."

పెరుమాయి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. గోవిందసామి మాత్రం నవ్వలేదు. ఆయనకు అక్క మొగుడంటే చిన్నప్పటి నుంచీ గౌరవం. నీడ సంగతి ఆయన చెవికి ఎక్కనే లేదు, పులి దగ్గరే ఆగిపోయాడు. సత్యప్రియ అది గమనించి "మామా, బస్సుకు వేళవుతా ఉండాది," అంది. రంగనాథన్ ఆ మాటను ఇంకా చెప్పమన్నట్టుగా తీసుకున్నాడు.

"వస్తా ఉండా, ఏనుగు కాడికే వస్తా ఉండా. పులి సంగతి విని ఏనుగుకు రోషం వచ్చిందేమో, మరుసటి దినం అది గట్టుకు అడ్డంగా నిలబడింది. ఈ పక్క కాలువ, ఆ పక్క బాయి. నేను వచ్చే వేగం సామాన్యమా? అది అట్లే నా మీదికి పరిగెత్తుకొని వచ్చింది. పట్టినా ప్లేటు బ్రేకు. అబ్బా, ఏమి పట్టు అది. సైకిలు నిలబడింది. ఏనుగు నిలబడింది. పక్కన కాలువలో నీళ్లు కూడా నిలబడినాయి. ఎనక నుంచి వచ్చే చేపలు ముందర చేపలకు తగులుకొని, ఏమైందప్పా ఏమైందప్పా అని తల పైకెత్తి చూసినాయి. నేను బ్రేకు వదిలినాకనే అన్నీ కదిలినాయి. ఆ దినం నుంచి ఆ ఏనుగు పొద్దున్నే వచ్చి నిలబడుకొని ఉంటుంది. నా బెల్లు వినపడల్ల, తొండమెత్తి దండం పెట్టల్ల, అప్పుడే అడివికి పోతుంది."

"దినామూ వస్తుందా?" గోవిందసామి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆదివారం తప్ప. నాకు సెలవు కదా. అది కూడా ఒక కతేనా గోవిందా, వరద వచ్చిన దినం విను. పైన డ్యామ్‌లో వాన పడి కాలువ తెగింది. గట్టు మునిగిపోయింది. ఆ నీళ్లలో గిరగిరా తిరుక్కుంటా ఒక పరిసలు, అదే గుండ్రంటి బుట్ట పడవ, వస్తా ఉండాది, నిండా జనం. హొగేనక్కల్ జలపాతం చూసేదానికి పోయి కొట్టుకొని వచ్చేసినారు పాపం."

"హొగేనక్కల్ పరిసలు మన కాలువలోకి ఎట్ల వస్తుందన్నా? అది ఏ దిక్కు, మనం ఏ దిక్కు?"

"వరదకు దిక్కు తెలుస్తుందా మాదేషూ? తెలిసుంటే అది నదిలోనే ఉండేది. నేను సీటుకు తాడు కట్టినా, ఆ కొసన పరిసలు కట్టినా. ఒకటో గేరు. గట్టు మీద నుంచి లాక్కుంటా పోయినా ఎదురు నీళ్లకు. కొంచెం దూరం పోయినాక కింద చూస్తే గట్టు లేదు, నీళ్ల మీదే తొక్కతా ఉండా. టైరు మరీ లావు కాకుండా తీసుకున్నది దీనికే. అట్లే హొగేనక్కల్ చేరినా. అక్కడ స్నానానికి వచ్చినోళ్లకు నూనె రుద్దే వాళ్లు రుద్దేది ఆపేసి చూస్తా ఉండారు. చేపలు వేయించే ఆడోళ్లు చేపలు మాడ్చుకున్నారు. ముందర జలపాతం. దిగి తోసేదా? నా వంశంలోనే లేదు. అదే ఒకటో గేరులో, పరిసలుతో కూడా, ఆ పడే నీళ్ల మీద కాలు కింద పెట్టకుండా పైకి ఎక్కినా. పైన అవతలి రాష్ట్రం కన్నడం వాళ్లు నిలబడి, ఇదు యావ గాడి సామీ, ఇదేం బండి అని అడిగినారు. ధర్మపురి గాడి అంటిని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తర్వాత ఏమైందంటే, గోవిందసామి లేచి నిలబడ్డాడు.

"పద పాపా, ఇంటికి పోదాం. పులంట, ఏనుగంట, వరదంట. ఆ దారిలో నా బిడ్డను ఒంటిగా పంపేదా? సైకిలూ వద్దు, ఉద్యోగమూ వద్దు."

బల్ల మీద నవ్వు ఆగిపోయింది. రంగనాథన్ చేయి ఇంకా జలపాతం పైనే, గాల్లోనే ఉంది. ఆయన దాన్ని మెల్లగా దించుకున్నాడు. "నేను చెప్పింది అది కాదు గోవిందా," అన్నాడు కానీ, మరేది చెప్పాడో ఆయనకే తెలియలేదు. పాప మీద ఆయనకు నిజంగానే ప్రేమ. ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఊరంతా తిరిగి చెప్పింది ఆయనే, ఆయన చెప్పిన దాంట్లో ఆ పెద్దాసుపత్రి అంతా ఆ పిల్ల చేతి కిందికే వచ్చేసింది.

సత్యప్రియ లేవలేదు. చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది.

"నాయనా, కొంచెంసేపు కూచో. మామా, నేను నిన్నా మొన్నా పక్కింటి వదిన సైకిలు తీసుకొని ఆ గట్టు మీద ధర్మపురి దాకా పోయి వచ్చినా. దారి చూడకుండా సైకిలు ఎట్ల కొనేది? రెండు దినాలూ నువ్వు కనిపించినావు."

"యాడ?"

"తూము కాడ. సైకిలు తోసుకొని నడిచి పోతా ఉంటివి. ఎనక నుంచి మేకలు వచ్చి నిన్ను దాటుకొని పోయినాయి."

మాదేష్ నోట్లోని టీ బయటికి వచ్చింది.

"టైరు గాలి పోయిందేమో అని సాయంత్రం అత్తను అడిగినా. ఆయుధ పూజ నాడు కొడవలికి, పారకు పూసినట్లే సైకిలుకూ నువ్వుల నూనె పూసి గందం కుంకుమ పెట్టినావంట. బాగా మెరవల్లని ఆ బ్రేకు ప్లేటుకు రెండు పక్కలా రుద్దినావంట. అప్పటి నుంచి బ్రేకు పట్టదు. మరుసటి దినమే తూము దిగుడులో ఆపలేక రాగిచేనులో పడినావంట. ఆ పొద్దు నుంచి దాని మీద ఎక్కలేదంట. పొద్దున తోసుకొని పోతావు, సాయంత్రం తోసుకొని వస్తావు."

పెరుమాయి చెయ్యి తుడుచుకుని వెళ్లి సైకిలు పట్టుకుంది. బ్రేకు గట్టిగా నొక్కి ముందుకు తోసింది. సైకిలు ఏ అభ్యంతరమూ లేకుండా ఆమెతో పాటు నడిచింది.

"కాలువ నీళ్లు నిలబెట్టిన బ్రేకు ఇదేనా అన్నా?" అన్నాడు మాదేష్.

"నవ్వొద్దు మాదేషన్నా," అంది సత్యప్రియ. "మామా, నిన్ను చిన్న చేసేదానికి చెప్పలే. నీ కతలు నాకూ ఇష్టమే. కానీ నాయన నీ మాట నమ్ముతాడు. నీ ఏనుగు వల్ల ఈ పొద్దు నా ఉద్యోగం పోతుంది."

మలుపులో బస్సు కనిపించింది. అందరూ రంగనాథన్ వైపు చూశారు. ఆయన ఖాళీ గ్లాసులోకి చూశాడు. ఏనుగు లేదు అని ఒక్క మాట అంటే చాలు. అనాలనే ఆయనకూ ఉంది. కానీ లేదు అనే మాట పుట్టి బుద్ధెరిగి ఆయన ఎప్పుడూ వాడలేదు, ఎక్కడ వెతుక్కోవాలో తెలియలేదు. మీసం ఒకసారి తుడుచుకున్నాడు.

"గోవిందా, ఆ ఏనుగు ఉండాదే, అది నేను పోయేటప్పుడు మాత్రమే వస్తుంది. పాప పోతే రాదు. నాది హామీ."

"మరి పులి?" అన్నాడు గోవిందసామి.

"అదీ అంతే. నన్ను చూసేదానికే వచ్చేది. వేరేవాళ్లను తలెత్తి కూడా చూడదు."

"వరద?"

రంగనాథన్ కొంచెం ఆలోచించాడు. "అది కూడా నా కోసమేలే."

గోవిందసామి గోడ దగ్గర ఉన్న సైకిలును చూశాడు, బావను చూశాడు, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కూతుర్ని చూశాడు. ఆ పొద్దు మొదటిసారిగా ఆయన పెదవి మీద నవ్వు కదిలింది. భుజం మీద తువ్వాలు తీసి బస్సుకు అడ్డంగా ఊపాడు. బస్సు ఆగింది. పాపను ముందు ఎక్కించి, తానూ ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"అట్లయితే బావా, రేపటి నుంచి నువ్వు ఈ బస్సులోనే పో. గట్టు మీదికి రావద్దు. నా బిడ్డ పోయి రావల్ల."